పాత ట్రయంఫ్ 650ని సురక్షితంగా మళ్ళీ రోడ్డెక్కించడం ఎలా?

షెడ్డులో ఏళ్ళ తరబడి పడి ఉన్న ట్రయంఫ్ మోటార్‌సైకిల్ ఒకటి దొరికింది, దాన్ని నడిపే స్థితికి తేవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువారు తరచూ అడుగుతున్నారు. వారికోసం రాసిన మార్గదర్శి ఇది. పాత బ్రిటిష్ బండ్లన్నిటికీ ఒకే కొలతలు పనికిరావు కాబట్టి, మెరిడెన్ కర్మాగారంలో 1968 నుంచి 1970 వరకు తయారైన 650 సీసీ జంట సిలిండర్ల బండ్లను, అంటే టీ120 బొనవిల్‌ను, టీఆర్6 ట్రోఫీని మాత్రమే ఇక్కడ తీసుకున్నాను. బీఎస్ఏ, నార్టన్ బండ్లకు పని క్రమం ఇంచుమించు ఇదే అయినా కొలతలు వేరు. వాటికి ఆయా వర్క్‌షాప్ మాన్యువల్ దగ్గర పెట్టుకోవాలి.

ప్రదర్శనలో నిలబెట్టే బండి గురించి ఇక్కడ మాట్లాడడం లేదు. మన లక్ష్యం ఒక్కటే: బండి మొదట ఆగాలి, తర్వాత సూటిగా నడవాలి, ఆ తర్వాతే ఇంజిన్ తిరగాలి. చాలామంది ఈ వరుసను తలకిందులు చేసి, ఎలాగోలా ఇంజిన్ మోగించి, ఆ ఉత్సాహంలో టాంకుకు రంగూ సైలెన్సర్లకు క్రోమూ వేయించి, బ్రేకుల దగ్గరికి వచ్చేసరికి చేతిలో డబ్బూ మనసులో ఓపికా అయిపోయి సర్దుకుపోతారు. రంగు చివరి పని. అసలు లేకపోయినా ప్రాణానికి ముప్పు లేదు.

1. కాగితాలు, నంబర్లు: విప్పే ముందే

ఇంజిన్ నంబరు ఎడమవైపు, సిలిండర్ అడుగున క్రాంక్‌కేస్ మీద ఉంటుంది. ఫ్రేమ్ నంబరు స్టీరింగ్ మెడ దగ్గర ఎడమవైపున ఉంటుంది. కర్మాగారం నుంచి వచ్చినప్పుడు రెండూ ఒకటే. 1969 నుంచి ఇంజిన్ నంబరు వెనుక చిన్న చిన్న ట్రయంఫ్ ముద్రలు నేపథ్యంగా కొట్టారు కాబట్టి, ఆ బండి మీద నంబరు ఉన్న చోటు నున్నగా అరగదీసి ఉంటే అనుమానించాలి. రెండు నంబర్లూ వీ5సీ (బ్రిటన్ వాహన రిజిస్ట్రేషన్) పత్రంలో ఉన్నవాటితో అక్షరం అక్షరం సరిపోవాలి. సరిపోకపోతే డబ్బు చెల్లించే ముందే ఆగాలి. ట్రయంఫ్ కర్మాగారపు పాత రికార్డులు వింటేజ్ మోటార్‌సైకిల్ క్లబ్ వద్ద ఉన్నాయి, తయారీ సంవత్సరం మీద సందేహం వస్తే అక్కడ విచారించవచ్చు.

గ్రేట్ బ్రిటన్‌లో 40 ఏళ్ళు దాటి, పెద్ద మార్పులేవీ జరగని బండ్లకు 2018 మే 20 నుంచి ఎంఓటీ పరీక్ష, అంటే ఏటా బండి రోడ్డుకు తగిన స్థితిలో ఉందో లేదో చూసే పరీక్ష, తప్పనిసరి కాదు. దీన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటున్నారు. మినహాయింపు పరీక్షకే గాని బండి మంచి స్థితిలో ఉండవలసిన బాధ్యతకు కాదు, అది ఎప్పటికీ నడిపేవాడిదే. రోడ్డు పన్ను సున్నా అయినా దరఖాస్తు చేసుకుని చారిత్రక తరగతిలోకి మార్పించుకోవాలి. పని పూర్తయ్యాక స్వచ్ఛందంగా ఎంఓటీకి తీసుకెళ్ళమనే నా సలహా. మన కన్నుకు అలవాటైపోయిన లోపాన్ని కొత్త కన్ను పట్టుకుంటుంది.

2. పానాలు, మరలు, పని స్థలం

ఈ మూడు సంవత్సరాల్లో తయారైన బండ్ల మీద పాత బ్రిటిష్ మరలూ అమెరికన్ తరహా యూఎన్‌ఎఫ్ మరలూ కలగలిసి ఉంటాయి. అందుకని పాత బ్రిటిష్ మరలకు విట్‌వర్త్ పానాల సెట్టు, యూఎన్‌ఎఫ్ మరలకు అంగుళాల పానాల సెట్టు రెండూ కావాలి. విట్‌వర్త్ పానా మీద రాసిన అంకె నట్టు వెడల్పును కాక బోల్టు మందాన్ని సూచిస్తుంది, మొదట్లో ఇక్కడే గందరగోళపడతారు. మిల్లీమీటర్ల పానాతో దాదాపుగా సరిపోయిందని బిగిస్తే నట్టు మూలలు అరిగిపోతాయి. చేత్తో రెండు చుట్లు తిరగని బోల్టును పానాతో బలవంతంగా దించకూడదు, అల్యూమినియం మర చెడితే బాగు చేయించడం ఆ బోల్టు ఖరీదుకు ఎన్నో రెట్లవుతుంది.

విప్పడం మొదలుపెట్టే ముందు సమకూర్చుకోవలసినవి:

- ఆ సంవత్సరపు వర్క్‌షాప్ మాన్యువల్, విడిభాగాల పట్టిక
- క్లచ్ హబ్ పుల్లర్, ఆల్టర్నేటర్ రోటర్ పుల్లర్
- టార్క్ రెంచి, ఫీలర్ గేజ్, మల్టీమీటర్, స్ట్రోబ్ లైటు
- బండిని స్థిరంగా నిలిపే బల్ల లేదా జాకీ
- మూతలున్న డబ్బాలు, చీటీలు, ప్రతి దశకూ ఫోటో తీసే ఫోను
- పెట్రోలు మంటలకు పనికొచ్చే అగ్నిమాపక సిలిండర్

ఒక హెచ్చరిక. పాత బ్రేక్ లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. డ్రమ్ము తెరిచినప్పుడు ఆ పొడిని గాలి కొట్టి ఊదకూడదు, పొడి బ్రష్షుతో తుడవకూడదు. తగిన మాస్కు వేసుకుని, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి, స్థానిక కౌన్సిల్ చెప్పిన పద్ధతిలో పారవేయాలి.

3. కిక్ కొట్టకుండా మొదటి పరీక్ష

బండి చేతికి రాగానే కిక్ కొట్టి చూడాలన్న ఆశను అణచుకోవాలి. నిలిచిపోయిన ఇంజిన్‌లో బేరింగుల మీద ఆయిల్ పొర ఉండదు, పిస్టన్ రింగుల చుట్టూ తుప్పు పట్టి ఉండవచ్చు.

ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల పలుచని ఆయిల్ పోసి ఒకటి రెండు రోజులు వదిలేయాలి. తర్వాత బండిని టాప్ గేరులో పెట్టి వెనుక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పాలి. ఇంజిన్ కదిలితే మంచిదే. కదలకపోతే కిక్ మీద ఎక్కి తొక్కవద్దు, దాని లోపలి పళ్ళు విరుగుతాయి. హెడ్డు తీసి చూడడమే దారి.

ఈ దశలో ఏదీ విప్పకుండానే లోపాలన్నిటినీ కాగితం మీద రాసుకోవాలి: ఏది కారుతోంది, ఏది ఊగుతోంది, ఏది లేదు, ఏది వేరే బండిది. ఆ జాబితా చూశాకే ఖర్చు అంచనా వేయాలి.

4. బ్రేకులు

1968లో ఈ బండ్లకు ముందు చక్రానికి 8 అంగుళాల డ్రమ్ము, రెండు షూలూ ముందుకు నెట్టే తరహా బ్రేకు వచ్చింది. సరిగ్గా అమర్చితే ఇది నేటి ట్రాఫిక్‌లోనూ పనికొచ్చే బ్రేకే. బలహీనంగా ఉందని ఫిర్యాదు చేసే బండ్లలో చాలావరకు లోపం అమరికలోనే ఉంటుంది.

పని క్రమం ఇది:

1. చక్రం విప్పి, డ్రమ్ము గుండ్రంగా ఉందో లేదో లేత్ మీద కొలిపించాలి. కోడిగుడ్డు ఆకారంలోకి తిరిగి ఉంటే, చక్రానికి పుల్లలు (స్పోకులు) బిగించి సరిచేసిన తర్వాతే డ్రమ్మును పలుచగా చెక్కించాలి. పుల్లలు బిగించినప్పుడు డ్రమ్ము ఆకారం కొద్దిగా మారుతుంది కాబట్టి ఈ వరుస ముఖ్యం.
2. షూలకు కొత్త లైనింగు వేయించి, డ్రమ్ము కొలతకు సరిపడే వంపులో వాటిని చెక్కించాలి. లైనింగు మధ్యలో మాత్రమే తాకుతుంటే బ్రేకు సగం బలంతోనే పనిచేస్తుంది.
3. కామ్ ఇరుసులు బ్రేక్ ప్లేటులో చేతితో సులువుగా తిరగాలి. వాటికి అతి కొద్దిగా మాత్రమే గ్రీజు పెట్టాలి. ఎక్కువైతే అది లైనింగు మీదికే చేరుతుంది.
4. రెండు లివర్లను కలిపే రాడ్డు పిన్ను ఒకవైపు తీసి, రెండు కామ్‌లనూ షూలు డ్రమ్మును తాకేదాకా తిప్పి పట్టుకోవాలి. ఆ స్థితిలో పిన్ను బలవంతం లేకుండా రంధ్రంలోకి జారేలా రాడ్డు పొడవు సరిచేయాలి.
5. కొత్త కేబుల్ వేయాలి. పాతదానికి నూనె పోసి సరిపెట్టుకోకూడదు.
6. చక్రం అమర్చాక, బ్రేక్ ప్లేటు నట్టు చివరి బిగింపు సమయంలో బ్రేకు నొక్కి పట్టుకుంటే షూలు డ్రమ్ము మధ్యకు వచ్చి కూర్చుంటాయి.

నాలుగో అంశాన్ని దాటవేయడమే అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. రాడ్డు పొడవు తప్పితే ఒక షూనే పనిచేస్తుంది, రెండోది ఊరికే ఉంటుంది. లివరు గట్టిగానే తగులుతుంది గనుక నడిపేవాడికి తెలియదు, తెలిసేది రోడ్డు మీదే.

చక్రం ఎక్కించగానే కంటితో చూసి నిర్ధారించుకోవలసినది మరొకటుంది. ఫోర్కు కాలి మీద పొడుచుకొచ్చిన ముక్క బ్రేక్ ప్లేటు గాడిలో పూర్తిగా కూర్చుందా? కూర్చోకపోతే మొదటిసారి బ్రేకు నొక్కగానే ప్లేటు మొత్తం చక్రంతోపాటు తిరిగి కేబుల్‌ను తెంపుతుంది, చక్రం పట్టేస్తుంది. రెండుసార్లు చూడండి, ఇంకొకరి చేత కూడా చూపించండి.

ఈ తరహా బ్రేకు చక్రం ముందుకు తిరిగేటప్పుడే బలంగా పడుతుంది. ఎత్తు మీద ఆగినప్పుడు బండి వెనక్కి జారుతుంటే ముందు బ్రేకును నమ్ముకోకూడదు, అక్కడ వెనుక బ్రేకే ఆధారం. కాబట్టి వెనుక డ్రమ్మునూ ఇంతే శ్రద్ధగా చూడాలి. గ్రీజు సీలు పోయి లైనింగు తడిసి ఉంటే కడిగి వాడవద్దు, మార్చాలి.

5. చక్రాలు, టైర్లు

టైరు పక్కన ఉండే నాలుగు అంకెల ముద్రలో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. నాలుగు అంకెల ముద్ర అసలు లేని టైరు 2000కు ముందుది, గాట్లు ఎంత లోతుగా ఉన్నా పారవేయాలి. షెడ్డులో నిలిచిన బండికి టైర్లు, ట్యూబులు, రిమ్ము పట్టీలు మూడూ కొత్తవి వేయడమే మంచిది. కొత్త టైరులో పాత ట్యూబు పెట్టి పొదుపు చేయడం అర్థంలేని పని.

పుల్లలను ఒక్కొక్కటిగా చిన్న పానాతో తట్టాలి. అన్నీ ఇంచుమించు ఒకే స్వరంలో మోగాలి, డప్పుమన్నది వదులైనది. నిపిల్ దగ్గర తుప్పు తిన్న పుల్ల ఒకటి కనిపిస్తే దాని పక్కవీ అదే దారిలో ఉన్నాయని అనుకోవాలి. చక్రపు బేరింగులు చవకే, సందేహం ఉంటే మార్చేయండి.

6. స్టీరింగ్, ఫోర్కు, స్వింగ్ ఆర్మ్

ముందు చక్రం నేలకు ఆనకుండా బండిని లేపి, ఫోర్కు అడుగు పట్టుకుని ముందుకూ వెనక్కీ ఊపాలి. టక్కుమని తగిలితే స్టీరింగ్ బేరింగ్ వదులుగా ఉంది. హ్యాండిల్ మెల్లగా తిప్పినప్పుడు సరిగ్గా మధ్యలో ఆగి కూర్చుంటున్నట్టు అనిపిస్తే గోళీలు తిరిగే దారిలో గుంటలు పడ్డాయి. బిగించి లాభం లేదు, మార్చవలసిందే.

వెనుక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్‌ను చాలామంది మరచిపోతారు. వెనుక షాకులను విప్పి, ఆర్మ్ చివర పట్టుకుని పక్కలకు నెట్టాలి. ఏమాత్రం ఆడినా లోపలి కంచు బుష్షులు అరిగినట్టే. మలుపులో బండి వెనుకభాగం దానిష్టం వచ్చినట్టు పోవడానికి ముఖ్య కారణాలలో ఇదొకటి. కొత్త బుష్షులు ఎక్కించాక వాటిని రీమర్‌తో సరిచేయాలి, ఇది లేత్ పనివారికి అప్పగించడం మేలు. తర్వాత కొత్త గ్రీజు అంచుల నుంచి బయటికి వచ్చేదాకా గన్‌తో కొట్టాలి.

ఫోర్కు గొట్టాల మీద తుప్పు గుంటలుంటే కొత్త సీళ్ళు కూడా నిలవవు, గొట్టాలే మార్చాలి. ఒక్కో కాలికి సుమారు 190 మి.లీ. ఆయిల్ పడుతుంది.

7. ఇంజిన్: స్లడ్జ్ ట్రాప్ సంగతి

ఈ ఇంజిన్ ఆయిల్ విడి టాంకులో ఉంటుంది. ప్లంజర్ పంపు ఒకవైపు ఆయిల్‌ను క్రాంక్‌కు (పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసుకు) పంపుతుంది, రెండోవైపు అడుగున చేరినదాన్ని తోడి టాంకుకు తిప్పి పంపుతుంది. నేటి బండ్లలా కాగితపు ఫిల్టరు ఉండదు, జల్లెళ్ళే ఉంటాయి. సన్నని మురికిని పట్టేది క్రాంక్ లోపలి ఒక గొట్టం, దానినే స్లడ్జ్ ట్రాప్ అంటారు. క్రాంక్ తిరిగే వేగానికి మురికి బయటి అంచుకు చేరి అక్కడే అంటుకుపోతుంది.

దశాబ్దాలుగా తెరవని ఇంజిన్‌లో ఆ గొట్టాన్ని బయటికి లాగితే లోపల నల్లని, ఆరిన తారులాంటి ముద్ద కనిపిస్తుంది. స్క్రూడ్రైవరుతో గీకితే పొలుసులుగా ఊడుతుంది, దాని మధ్యలో ఆయిల్ పోవడానికి పెన్సిల్ మందం దారి కూడా మిగిలి ఉండకపోవచ్చు. పాత ముద్ద ఉన్న ఇంజిన్‌లో శుభ్రపరిచే గుణం ఎక్కువగా ఉన్న కొత్త ఆయిల్ పోస్తే, అది ఆ ముద్దను కదిలించి బిగ్ ఎండ్‌కు (కనెక్టింగ్ రాడ్డు క్రాంక్‌ను పట్టుకునే చోటుకు) పోయే రంధ్రాన్ని మూసివేసే ప్రమాదం ఉంది. అప్పుడు ఆయిల్ అందక బేరింగు పోతుంది, ఆ వేగంలో కనెక్టింగ్ రాడ్డు విరిగితే క్రాంక్‌కేస్ కూడా పోతుంది.

కాబట్టి చరిత్ర కాగితాల రూపంలో లేని ఇంజిన్‌ను, ఎంత బాగా మోగినా సరే, పూర్తిగా విప్పి స్లడ్జ్ ట్రాప్ శుభ్రం చేయకుండా రోడ్డెక్కించవద్దు. ఖర్చు ఎక్కువే, ఇంజిన్ రెండుగా విడదీయవలసిందే. కానీ ఈ మార్గదర్శిలో రాజీకి తావులేని అంశాలలో బ్రేకుల తర్వాతిది ఇదే. పాత యజమాని నోటిమాటగా చెప్పిన చరిత్రను లెక్కలోకి తీసుకోకూడదు.

విప్పినప్పుడు వరుసగా చూడవలసినవి:

- ట్రాప్ గొట్టాన్ని పట్టి ఉంచేది ఫ్లైవీల్ బోల్టులలో ఒకటి. ఆ బోల్టు తీయకుండా గొట్టాన్ని లాగకూడదు.
- చివరి మూతను చుట్టూ పొడిచి బిగించి ఉంటారు. ఆ పొడుపును తొలిచి, కొద్దిగా వేడి చేసి, సరైన బిట్‌తో తీయాలి. తిరిగి పెట్టినప్పుడు కొత్త మూత వాడి, మళ్ళీ పొడిచి బిగించాలి.
- క్రాంక్ పిన్నులను మైక్రోమీటరుతో కొలిపించాలి. అరిగితే తగిన కొలతకు గ్రైండ్ చేయించి, దానికి సరిపడే మందమైన షెల్ బేరింగులు వేయాలి.
- క్రాంక్‌లోని ఆయిల్ రంధ్రాలన్నిటి గుండా ద్రావకం, తర్వాత గాలి పంపి, అవతలివైపు ధారగా వస్తోందో లేదో చూడాలి.
- టైమింగ్ కవరులోని క్రాంక్ ఆయిల్ సీలు కొత్తది వేయాలి. ఆయిల్ క్రాంక్‌లోకి చేరేది దీని గుండానే, అది మడతపడినా తిరగబడినా ఒత్తిడి పడిపోతుంది.
- పంపులోని గోళీల కింద మురికి లేకుండా చూడాలి.

నిలిపిన బండిలో ఆయిల్ మెల్లగా టాంకు నుంచి క్రాంక్‌కేస్‌లోకి దిగుతుంది. దీన్ని ఆపడానికి పైపులో కుళాయి బిగిస్తుంటారు. నాకది నచ్చదు, తెరవడం ఒక్కసారి మరచిపోతే ఇంజిన్ అక్కడితో సరి. వారాల తరబడి నిలిపితే, స్టార్ట్ చేసే ముందు అడుగు ప్లగ్గు విప్పి ఆయిల్ దించడమే సులువు. అయితే టాంకుకు తిరిగివచ్చే పైపులో నేటి తరహా ఫిల్టరు ఒకటి బిగించడం మాత్రం మంచి మార్పు.

8. క్లచ్, చైన్లు

నిలిచిన బండి క్లచ్ ప్లేట్లు అంటుకుపోతాయి. కవరు తీసి, ప్లేట్లు విడదీసి శుభ్రం చేసి, స్ప్రింగులు సమానంగా బిగించి, క్లచ్ నొక్కి కిక్ తిప్పినప్పుడు బయటి ప్లేటు ఊగకుండా తిరుగుతోందో లేదో చూడాలి. ఊగితే ఎత్తుగా వచ్చినవైపు స్ప్రింగు నట్టును కొద్దికొద్దిగా బిగిస్తూ సరిచేయాలి. మధ్యలోని సర్దుబాటు మరను రాడ్డుకు తాకేదాకా బిగించి, అరచుట్టు వెనక్కి తిప్పాలి.

వెనుక చైనును అత్యంత బిగువుగా ఉన్న చోట కొలవాలి. బండి రెండు చక్రాల మీద నిలిచినప్పుడు సుమారు 19 మి.మీ. ఆట ఉండాలి. గేర్‌బాక్సులో ఈపీ90 ఆయిల్ అర లీటరు పడుతుంది.

9. కరెంటు: ఎర్ర తీగ ఎర్త్ అని గుర్తుంచుకోండి

ఈ బండ్లలో బ్యాటరీ పాజిటివ్ కొనను ఫ్రేముకు కలుపుతారు. ఎర్ర తీగలన్నీ ఎర్త్. కరెంటు వచ్చేది నెగటివ్ కొన నుంచి బయలుదేరే గోధుమ, నీలం చారల తీగలో. నేటి బండ్ల అలవాటుతో ఎర్ర తీగను ఎదురు కొనకు కలిపితే, ఎలక్ట్రానిక్ పరికరం ఏదున్నా క్షణంలో కాలిపోతుంది. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, ఎల్‌ఈడీ బల్బులు కొనేటప్పుడు పాజిటివ్ ఎర్త్‌కు పనికొస్తాయా అని ముందుగా అడగాలి.

పాత తీగల కట్ట పైతొడుగు వంచితే పగులుతుంటే అతుకులు వేయకుండా కొత్త కట్ట వేయాలి. అన్నిటికన్నా ఫలితమిచ్చే పని మాత్రం ఎర్త్ తీగలు కొత్తగా లాగడం. హెడ్‌లైటు ఎర్త్ స్టీరింగ్ గోళీల గుండా పోవడం మీద ఆధారపడకూడదు. హెడ్‌లైటు నుంచి, ఇంజిన్ హెడ్డు నుంచి, జీనర్ డయోడ్ (ఛార్జింగు వోల్టేజీ మితిమీరకుండా ఆపే పరికరం) పలక నుంచి వేర్వేరుగా ఎర్ర తీగలు తెచ్చి బ్యాటరీ పాజిటివ్ దగ్గర కలపాలి.

జీనర్ డయోడ్ హెడ్‌లైటు కింద రెక్కల పలకకు బిగించి ఉంటుంది. పలకకూ దానికీ మధ్య రంగు ఉండకూడదు. దాని మర మెత్తని రాగి, గట్టిగా బిగిస్తే తెగుతుంది. ఆల్టర్నేటర్ కరెంటును బ్యాటరీకి పనికొచ్చేలా మార్చే పలకల రెక్టిఫయర్ నట్టు తిప్పేటప్పుడు బోల్టు తలను రెండో పానాతో పట్టుకోవాలి, లేకపోతే లోపలి పలకలు మెలితిరిగి పాడవుతాయి. ఈ రెండింటి బదులు నేటి ఒకే పెట్టె తరహా రెగ్యులేటర్ వేసినా నాకు అభ్యంతరం లేదు, కంటికి కనిపించని చోట అసలుదనం కోసం పట్టుబట్టనవసరం లేదు.

ఫ్యూజు తప్పనిసరి, అది బ్యాటరీ నెగటివ్ కొనకు వీలైనంత దగ్గరగా ఉండాలి.

10. పెట్రోలు, కార్బురేటర్లు

గ్రేట్ బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలు ఈ10 (10 శాతం దాకా ఇథనాల్ కలిపినది) అయింది. ఈ బండ్లకు సూపర్ రకంగా అమ్మే ఈ5 (5 శాతం దాకా ఇథనాల్ ఉన్నది) పోయడం మంచిది. పాత రబ్బరు పైపులు, టాంకు లోపల పూర్వం పూసిన పూతలు ఇథనాల్‌కు మెత్తబడి ముద్దలుగా ఊడి వస్తాయి. అలాంటి పూత కనిపిస్తే పూర్తిగా తీయించి, ఇథనాల్‌ను తట్టుకునేది వేయించాలి. పైపులు, కుళాయి సీళ్ళు కొత్తవి వేయాలి.

అమల్ కాన్‌సెంట్రిక్ కార్బురేటర్‌లో ఎక్కువగా మూసుకుపోయేది స్లో జెట్టు (యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజిన్‌కు పెట్రోలు అందించేది) దారి. చాలావాటిలో ఇది లోపల పొదిగి ఉండడం వల్ల బయటికి రాదు. గాలి మర తీసి, ఆ రంధ్రం గుండా 0.4 మి.మీ. తీగను చేత్తో నిటారుగా పంపి శుభ్రం చేయాలి. దీన్ని చేయకపోతే బండి స్లోలో నిలవదు, ఎన్నిసార్లు మరలు తిప్పినా ఫలితం ఉండదు. ఆ పని అయ్యాక గాలి మరను పూర్తిగా మూసి, ఒకటిన్నర చుట్టు తెరిచి అక్కడి నుంచి సర్దుకోవాలి.

భద్రత విషయంలో ఇంకా ముఖ్యమైనది స్లైడు, అంటే యాక్సిలరేటర్ తిప్పితే లేచి గాలిదారి తెరిచే ముక్క. ఇంజిన్‌కు బిగించే నట్లు అతిగా బిగిస్తే కార్బురేటర్ ముఖం వంగి, లోపల స్లైడు ఇరుక్కుంటుంది. చల్లగా ఉన్నప్పుడు బాగానే దిగే స్లైడు వేడెక్కాక పైనే నిలిచిపోతే, యాక్సిలరేటర్ వదిలినా బండి పరుగెడుతూనే ఉంటుంది. ముఖాన్ని సమతలమైన అద్దం మీద పెట్టి చూసి, వంగితే సరిచేయించి, నట్లు మితంగా బిగించాలి. హ్యాండిల్‌ను రెండు చివరలకూ తిప్పి యాక్సిలరేటర్ వదిలినప్పుడు స్లైడు టక్కున పడిన శబ్దం వినపడాలి. టీ120కి రెండు కార్బురేటర్లు కాబట్టి రెండు స్లైడులూ ఒకే క్షణాన లేవాలి.

11. వాల్వులు, టైమింగ్

ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు ఇన్‌లెట్ వాల్వుకు 0.05 మి.మీ., ఎగ్జాస్ట్ వాల్వుకు 0.10 మి.మీ. సందు ఉంచాలి. ఎడమ ఇన్‌లెట్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు కుడి ఇన్‌లెట్‌ను, కుడిది తెరుచుకున్నప్పుడు ఎడమదాన్ని సరిచేయాలి. ఎగ్జాస్ట్‌లకూ ఇదే పద్ధతి.

పాయింట్ల సందు 0.38 మి.మీ., ప్లగ్గు సందు 0.64 మి.మీ. టైమింగ్, అంటే పిస్టన్ పైకొసకు చేరకముందే నిప్పురవ్వ పడే కోణం, పూర్తి అడ్వాన్సులో 38 డిగ్రీలు. దీన్ని ఒక్కో సిలిండరుకు విడిగా స్ట్రోబ్ లైటుతో సరిచూడాలి, ఇంజిన్ వేగం నిమిషానికి 3,000 చుట్ల దాకా పెంచి చూస్తేనే అడ్వాన్స్ పూర్తిగా వచ్చినట్టు. రోటర్ మార్చి ఉంటే దాని మీది గీతను నమ్మకూడదు, డిగ్రీల పలకతో ఒకసారి సరిచూసుకోవాలి. టైమింగ్ ముందుకు జరిగితే పిస్టన్ పైభాగం కరిగి రంధ్రం పడవచ్చు.

12. మొదటి స్టార్ట్

1. క్రాంక్‌కేస్ అడుగు ప్లగ్గు విప్పి, దిగిన ఆయిల్ అంతా తీసి, జల్లెడ శుభ్రం చేయాలి.
2. టాంకులో 20డబ్ల్యూ50 ఖనిజ తైలం సుమారు 3 లీటర్లు పోయాలి.
3. ప్లగ్గులు తీసి, ఒత్తిడి మీటరు తాత్కాలికంగా బిగించి, ముల్లు కదిలేదాకా కిక్ తిప్పాలి.
4. ప్లగ్గులు పెట్టి, బండిని బయట ఆరుబయట నిలిపి, అగ్నిమాపక సిలిండర్ అందుబాటులో ఉంచుకుని స్టార్ట్ చేయాలి.
5. వెంటనే ఆయిల్ టాంకు మూత తీసి చూడాలి. లోపలి సన్నని గొట్టం నుంచి ఆయిల్ బుడగలతో కలిసి ఉండి ఉండి చిమ్ముతుండాలి. నిమిషంలోగా రాకపోతే ఇంజిన్ ఆపాలి.
6. వేడెక్కాక, మధ్యస్థ వేగంలో ఒత్తిడి చదరపు అంగుళానికి 65 నుంచి 80 పౌండ్లు, స్లోలో 20 నుంచి 25 ఉండాలి.

ఒత్తిడి తక్కువగా ఉంటే క్రాంక్‌ను అనుమానించే ముందు టైమింగ్ కవరు సీలును, ఒత్తిడి వాల్వును, పంపును ఆ వరుసలో చూడాలి. ఒత్తిడి బాగుండి తెల్లని నీలిపొగ ఆగకుండా వస్తుంటే, తోడే వైపు పంపు పనిచేయక ఆయిల్ అడుగున నిండిందేమో చూడాలి. నిమిషానికి 3,000 చుట్ల దగ్గర బ్యాటరీ కొనల మధ్య 14 వోల్టుల చుట్టూ కనిపిస్తే ఛార్జింగు బాగున్నట్టు.

13. తొలి ప్రయాణాలు

బీమా, పన్ను పూర్తయ్యాకే రోడ్డెక్కాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పాత బుల్లెట్ నడిపినవారికి కుడికాలి గేరు, ఎడమకాలి బ్రేకు కొత్త కాదు. అయితే ఆ బుల్లెట్‌లో మొదటి గేరు పైకి, ట్రయంఫ్‌లో కిందికి పడుతుంది. అలవాటు మీద కాలు పొరపడే చోటు ఇదే కాబట్టి, ఖాళీ స్థలంలో ఆగడం, బయలుదేరడం బాగా సాధన చేయాలి.

బయలుదేరే ముందు ప్రతిసారీ చూడవలసినవి:

- రెండు బ్రేకులూ విడివిడిగా పడుతున్నాయా, బ్రేక్ లైటు రెండింటికీ వెలుగుతోందా
- యాక్సిలరేటర్ వదిలితే టక్కున మూసుకుంటోందా
- ఆయిల్ టాంకుకు తిరిగివస్తోందా
- చక్రాల ఇరుసులు, చైను లింకు క్లిప్పు స్థానంలో ఉన్నాయా, క్లిప్పు మూసి ఉన్న వైపు చైను సాగే దిశలో ఉందా
- పెట్రోలు ఎక్కడైనా చెమ్మగిల్లుతోందా

మొదటి ప్రయాణం ఇంటి చుట్టుపక్కలే ఉండాలి. తిరిగి వచ్చాక డ్రమ్ములను దూరం నుంచే చేత్తో పరీక్షించాలి, ఒకటి రెండోదానికన్నా మరీ వేడిగా ఉంటే షూలు రాసుకుంటున్నాయి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక హెడ్డు బోల్టులను మాన్యువల్ చెప్పిన వరుసలో, చెప్పిన టార్క్‌కు మళ్ళీ బిగించి, వాల్వు సందులు మళ్ళీ చూడాలి. కంపనం ఎక్కువైన ఇంజిన్ ఇది, మొదటి వంద మైళ్ళలో వదులవని నట్టు ఉండదనుకుని బండంతా పానా పెట్టి తిరగాలి. కొత్త లైనింగులు డ్రమ్ముకు సర్దుకునేదాకా బ్రేకును కూడా ఒకటి రెండుసార్లు తిరిగి సరిచేయవలసి వస్తుంది.

250 మైళ్ళకు ఒకసారి, 500 మైళ్ళకు మరోసారి ఆయిల్ మార్చాలి. దించిన ప్రతిసారీ అడుగు జల్లెడను తెల్లని గుడ్డ మీద తుడిచి వెలుతురులో చూడాలి. బూడిదరంగు సన్నని ముద్ద కొత్త భాగాలు ఒకదానికొకటి సర్దుకున్నప్పుడు వచ్చేదే. వెండిలా మెరిసే పొలుసులు కనిపిస్తే మాత్రం బిగ్ ఎండ్ షెల్లు అరుగుతున్నట్టు, బండిని ఇక స్టార్ట్ చేయకుండా ఇంజిన్ మళ్ళీ తెరవాలి.